గట్టు మీదికి రాని లెక్క

మొంథా తుపాను 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర్లో తీరం దాటింది. నాకు సెలవు దొరికి కాకినాడ నుంచి కోనసీమలో మా ఊరు వెళ్లేసరికి తొమ్మిది రోజులైంది. అప్పటికి ఎండ కాస్తోంది. రోడ్డుకు అడ్డంగా పడ్డ కొబ్బరి చెట్లు కోసి పక్కకు లాగేశారు, కరెంటు వచ్చేసింది. మా మూడెకరాల్లో మాత్రం ఇంకా పిక్కల్లోతు నీళ్లున్నాయి.

మా పొలం కౌలుకు చేసే ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. గట్టు మీద నుంచే వంగి ఒక కంకి తుంచి నా చేతిలో పెట్టాడు. పై గింజలు బాగానే ఉన్నాయి. నీళ్లు తగిలిన చోట గింజ పగిలి తెల్లటి మొలక బయటికొచ్చింది. "ఆయ్, గాలి ఒక్క రాత్రేనండి. దానికి మనమేం చేస్తాం. ఈ నీళ్లు కదలట్లేదండి. కోడు లాగట్లేదు" అన్నాడు.

కోడంటే మా వైపు మురుగు కాలువ. పొలాల్లో ఎక్కువైన నీళ్లన్నీ దానిలోంచే పెద్ద డ్రెయిన్‌లోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకి పోవాలి. ఊళ్లోనే ఉండే మా బాబాయి నన్ను వంతెన దగ్గరికి తీసుకెళ్లాడు. గుర్రపుడెక్క ఎంత దట్టంగా అల్లుకుందంటే దాని మీద కొంగలు నడుస్తున్నాయి. వంతెన రెండు ఖానాల్లో ఒకటి పూర్తిగా మూసుకుపోయింది. "మేలో పొక్లెయిన్ వచ్చింది కదా బాబాయ్?" అన్నాను. "వచ్చింది. మూడు రోజులుంది. అంచులు గీకి ఆ డెక్కంతా గట్టు మీదే పోశారు. మొదటి వానకే మళ్లీ లోపలికి జారింది" అన్నాడు.

ఆ మూడు రోజుల పనికి బిల్లు అయిందా, అయితే ఎంత పనికి అయింది, ఎవరు కొలిచారు? ఆ సాయంత్రం అరుగు మీద కూర్చున్న పదిమందిలో ఒక్కరికీ తెలియదు. తెలుసుకోవడానికి ఎక్కడికి వెళ్లాలో కూడా తెలియదు. సంస్కరణలు, పారదర్శకత, సుపరిపాలన అనే మాటలు నా చిన్నప్పటి నుంచీ పేపర్లో చదువుతున్నాను. ఆ అరుగు మీద కూర్చుని ఆలోచిస్తే, అవన్నీ మా కోడు గట్టు దాకా ఎందుకు రాలేదన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఇది రాస్తున్నది అందుకే.

కొలతలు ఎప్పుడు తీశారు

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాను. ముప్ఫై రోజుల్లో రావాల్సిన జవాబు నలభై ఒక్క రోజులకు వచ్చింది. రెండు పేజీలు. రాతలో ఎక్కడా దాపరికం లేదు. పని పేరు, ఎస్టిమేటు, కిలోమీటర్లు, "పూడిక, గుర్రపుడెక్క తొలగింపు పూర్తయినది" అన్న వాక్యం, ఎంబుక్కులో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, కొలతలు నమోదు చేసిన తేదీ అన్నీ ఉన్నాయి. ఆ తేదీ జూన్ 19.

ఆ తేదీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. జూన్ మొదటి వారంలో కాలువలకు నీళ్లు వదిలారు. మూడో వారానికల్లా నారుమళ్ల నుంచి వచ్చిన మురుగుతో, రెండు మూడు వానలతో కోడు సగానికి పైగా నిండిపోయింది. నీటి అడుగున ఉన్న పూడిక ఎంత తీశారో నీళ్లొచ్చాక ఎవరు చెప్పగలరు?

న్యాయంగా మాట్లాడాలంటే ముందే కొలిచి, పుస్తకంలో తర్వాత రాసి ఉండొచ్చు. ఫలానా వాళ్లు తిన్నారని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, అలా చెప్పను కూడా. నా బాధ వేరు. తినలేదని నిరూపించుకునే అవకాశం నిజాయితీగా పనిచేసిన వాడికి కూడా ఈ పద్ధతిలో లేదు. డెల్టాలో మరమ్మతులన్నీ వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేసిన ఆ నెలన్నర, రెండు నెలల్లోనే జరగాలి. టెండర్లు, అనుమతులు అయ్యేసరికి అందులో సగం పోతుంది. మిగిలిన పది పదిహేను రోజుల్లో హడావుడిగా చేస్తారు. నీళ్లు వదిలేస్తారు. మంచిపనీ చెడ్డపనీ ఒకే నీటి కింద ఉంటాయి.

ఆ ఎంబుక్కు సెక్షన్ నుంచి సబ్ డివిజన్‌కు, అక్కణ్ణుంచి డివిజన్‌కు, ఆ తర్వాత బిల్లులు పాస్ చేసే ఆఫీసుకు వెళ్లింది. ఎప్పుడైనా ఆడిట్ జరిగితే ఆడిట్ వాళ్ల ముందుకూ వెళ్తుంది. ఇన్ని చేతులు మారిన కాగితం, కోడు పక్కన అరెకరం ఉన్న ఒక్కరి చేతికీ రాలేదు. నేను అడిగితే తప్ప రాదు. అడగడానికి నాకు చదువుంది, నెల జీతముంది, ఊళ్లో రోజూ ఎవరి మొహమూ చూడాల్సిన పని లేదు. మా కౌలు రైతుకు ఈ మూడూ లేవు.

లెక్క ఎప్పుడూ పైకే

మా డెల్టాలో కాటన్ దొర విగ్రహం లేని ఊరు వెతకాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. మా తాతలు తిన్న అన్నం దాని వల్లే, ఆ రుణం నేను కాదనను. కానీ కాటన్ పేరెత్తినప్పుడల్లా టీకొట్టు దగ్గర ఒక వాదన వస్తుంది. "అప్పుడు ఎవడూ లెక్కలు అడగలేదు కాబట్టే అయిదేళ్లలో కట్టాడు. ఇప్పుడు ప్రతివాడూ అడుగుతున్నాడు, అందుకే ఏదీ పూర్తికాదు" అని. ఈ మాట నాకు బాగా చదువుకున్న వాళ్లే చెప్పారు. దీన్ని కొట్టిపారెయ్యడం తేలిక కాదు. ప్రతి పనికీ అభ్యంతరం పెట్టి ఆపేసే మనుషులు మన మధ్య ఉన్నారు.

అయితే ఆ వాదనలో ఒక పొరపాటుంది. కాటన్‌ను లెక్క అడిగారు. ఖర్చు ఎందుకు, లాభమెంత అని పైవాళ్లు అడుగుతూనే ఉన్నారు, బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా ఆయన సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన్ను అడగనిది గోదావరి రైతు. అడిగే చోటు అతనికి లేదు.

ఆ ఏర్పాటు మనం అలాగే ఉంచేసుకున్నాం. డెల్టాలో మురుగు సమస్య మీద 1960లలో మిత్రా కమిటీ వేశారు. 2011లో కోనసీమ రైతులు లక్ష ఎకరాలకు దగ్గరగా సార్వా (ఖరీఫ్ వరి) వేయకుండా వదిలేసి పంట విరామం ప్రకటిస్తే మోహన్ కందా కమిటీ వేశారు. అప్పుడు మామూలు రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 1,080, అంటే 75 కిలోల బస్తాకు 810 రూపాయలు. అది ఖర్చుకు చాలదన్నది ఒక గోడు. మురుగు దిగక పంట దక్కడం లేదన్నది దానితో సమానమైన గోడు. పేపర్లలో మొదటిది కనిపించినంతగా రెండోది కనిపించలేదు. 2022లో మళ్లీ పంట విరామం మాట వచ్చినప్పుడు కూడా మా వాళ్లు చెప్పిన కారణాల్లో డ్రెయిన్లున్నాయి. ఈ మధ్య శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీళ్లు ఎగదన్ని కొబ్బరి తోటలు మోడులైపోయాయి, ఆ ఫొటోలు మీరూ చూసే ఉంటారు. కమిటీ నివేదికలు ప్రభుత్వానికి వెళ్తాయి. ప్రపంచ బ్యాంకు డబ్బు ఇస్తే దానికో లెక్క, కేంద్రం ఇస్తే దానికో వినియోగ పత్రం, కాగ్ రాస్తే అసెంబ్లీకి. అన్నీ పైకే. అవి అక్కర్లేదని నేను అనను. ఒక్కటైనా కిందికి దిగి గట్టు మీదికి రాకపోతే అది మాకు లెక్క కిందికి రాదు.

పాతికేళ్ల నాటి ఒప్పందం

ఒక్కసారి మాత్రం వచ్చినట్టే వచ్చింది. 1997లో సాగునీటి వ్యవస్థల నిర్వహణ రైతులకు అప్పగిస్తూ చట్టం చేసి, రాష్ట్రమంతా పది వేల పైచిలుకు నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు పెట్టారు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మా నాన్న తెల్ల చొక్కా వేసుకుని ఓటుకు వెళ్లడం గుర్తుంది. అంతకు కొద్దిగా ముందే నీటి తీరువా, అంటే సాగునీటి పన్ను, బాగా పెంచారు. ఎకరానికి సార్వాకు 200, దాళ్వాకు (రబీ వరికి) 150 రూపాయలు. ఊళ్లో గొణిగారు గానీ కట్టారు. ఎందుకంటే ఆ సొమ్ములో వాటా తిరిగి సంఘానికే వస్తుంది, మన కాలువ మనమే బాగుచేసుకోవచ్చు అన్నారు. ఆ చట్టంలో సంఘం సామాజిక తనిఖీ చేయాలని ఉంది, అధ్యక్షుణ్ణి వెనక్కి పిలిచే ఏర్పాటుంది. కాగితం మీద అంత మంచి సంస్కరణ నేను ఇంకోటి చూడలేదు.

తర్వాత ఏమైందో డెల్టాలో అందరికీ తెలుసు. ఏళ్లకేళ్లు ఎన్నికల్లేవు. తీరువా వసూలు సాగింది, వాటా మాట మరుగున పడింది. కొన్నిచోట్ల అధ్యక్షుడే బినామీ పేరుతో కాంట్రాక్టరయ్యాడు. మొదటి సంఘంలో సభ్యుడిగా ఉన్న మా పెదనాన్న ఒకసారి నాతో అన్నాడు: "మీటింగులో లెక్క చదవమన్నాను రా. చదివాడు. ఆ తర్వాత మా తూముకు నీళ్లు చివర్న వచ్చేవి." ఆయన మళ్లీ అడగలేదు.

ఇది నా వాదనకు పెద్ద దెబ్బ. లెక్క కిందికి రావాలంటున్నాను కదా, కిందికి వచ్చినప్పుడు అది మోతుబరి చేతిలో ఆగిపోయింది. పైనున్న అధికారికైనా బదిలీ ఉంటుంది, మోతుబరికి బదిలీ ఉండదు. 2024 డిసెంబరులో మళ్లీ సంఘాలకు ఎన్నికలు జరిగాయి. మా ఊళ్లో పోటీ లేదు, ముందురోజు రాత్రే ఒక ఇంట్లో తేలిపోయింది. గెలిచిన ఆయన మంచివాడే. అయినా, ఆయన మంచితనం మీద ఆధారపడాల్సి రావడమే నాకు నచ్చడం లేదు.

చాలా రోజులు దీని మీద తర్జనభర్జన పడ్డాను. చివరికి నాకు తోచింది ఇది. అయిదేళ్లకోసారి మనిషిని ఎన్నుకోవడం, పని జరిగిన రోజున కొలత చూడడం రెండు వేరువేరు పనులు. 1997 చట్టం అమలులో మొదటిది జరిగితే రెండోది దానంతటదే జరుగుతుందనుకున్నాం. జరగలేదు. ఉపాధి హామీలో మన రాష్ట్రమే ముందుగా చేసి చూపించిన పని ఒకటుంది. 2006 నుంచి మస్టరు రోలు, అంటే కూలీల హాజరు పట్టీ, ఊళ్లోకి తెచ్చి, ఎవరి పేరున ఎన్ని రోజులు, ఎంత కూలి పడిందో ఇంటింటికీ వెళ్లి సరిచూసి, మండల ప్రజావేదికలో మైకులో చదివారు. 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీయే పెట్టారు. మా పక్క ఊళ్లో అలాంటి వేదికకు ఒకసారి వెళ్లాను. ఒక పెద్దావిడ లేచి, "ఆ వారం నేను మా అమ్మాయి పురిటికి వెళ్లానయ్యా, నా పేరెలా ఉంది?" అంది. మైకు పట్టుకున్న అబ్బాయి కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాడు.

అలా పట్టుకున్న సొమ్ములో ఖజానాకు తిరిగొచ్చింది చాలా తక్కువన్నది నిజం. శిక్షలూ తక్కువే. అది చెప్పి ఇదంతా దండగ అనే వాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ పెద్దావిడ పేరు మళ్లీ దొంగ మస్టరులో రాయాలంటే రాసేవాడి చెయ్యి ఒక్క క్షణమైనా ఆగుతుంది. మా కోడు విషయంలో ఆ ఒక్క క్షణం కూడా లేదు, ఎందుకంటే చదివి వినిపించే రోజే లేదు.

ఇంజినీరు మిత్రుడి మాట

ఇదంతా నీటిపారుదల శాఖలో చాలాకాలం పనిచేసిన నా మిత్రుడొకరికి చెప్పాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "నువ్వు చెప్పింది సరే. కాలువల మీద పనిచేసే లస్కరు ఒక్కొక్కడూ పదవీ విరమణ చేస్తుంటే ఆ పోస్టు ఖాళీగానే ఉంటోంది. గేటు ఎత్తే మనిషి లేడు, గట్టు మీద తిరిగే మనిషి లేడు. అసిస్టెంట్ ఇంజినీరు ఒక్కడు ఎన్ని ఊళ్లు చూస్తాడు? ఇక బిల్లులంటావా, చేసిన పనికి డబ్బు ఎప్పుడొస్తుందో తెలియక టెండరు వెయ్యడానికే ఎవడూ రావట్లేదు. వచ్చినవాడు ఆ వడ్డీ ఎక్కడ తీసుకుంటాడు? పూడికలోనే" అన్నాడు.

ఆ చివరి మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఇంతకాలం నేను కాంట్రాక్టరును మాత్రమే చూశాను. ప్రభుత్వం తన మాట మీద నిలబడకపోతే ఆ భారం మెట్టు మెట్టూ దిగి మా చేనులో నీళ్లై నిలుస్తోంది. జవాబుదారీతనం అంటే దొంగను పట్టుకోవడం ఒక్కటే అనుకున్నాను గానీ, చెప్పిన తేదీకి డబ్బివ్వడం కూడా అందులో భాగమే.

దీనికి సాక్ష్యం మా ధాన్యమే. 2023-24 దాళ్వా ధాన్యం కొని డబ్బివ్వకుండా వదిలేసిన బకాయి రాష్ట్రం మొత్తం మీద 1,600 కోట్ల పైమాట. మా బాబాయి ఆ ఎండాకాలమంతా బ్యాంకు చుట్టూ తిరిగాడు, ఎవర్ని అడగాలో తెలియక. ఆ తర్వాత సార్వా నుంచి 48 గంటల్లో వేస్తామన్నారు, మా ఊళ్లో చాలామందికి పడ్డాయి కూడా. తేమ పదిహేడు శాతం దగ్గర కొనుగోలు కేంద్రం మిషను ఒకటి, మిల్లు మిషను ఒకటి చెప్పే గొడవ ఇంకా ఉంది. అయినా డబ్బు సంగతిలో తేడా స్పష్టం. మూడో రోజు ఉదయం పడకపోతే బాబాయి ఫోను పట్టుకుని రైతు సేవా కేంద్రానికి వెళ్తాడు. ఎందుకంటే అడగడానికి ఆయన దగ్గర ఇప్పుడొక అంకె ఉంది. కోడుకు కూడా అలాంటి అంకె కావాలి.

నేను అడిగేది పెద్దదేం కాదు. కాలువలకు నీళ్లు ఆపేసిన రోజున పని జరగబోయే చోట ఎంత పొడవు, ఎంత లోతు తీస్తారో తెలుగులో ఒక పలక మీద రాసి పెట్టండి. నీళ్లు వదలడానికి వారం ముందు ఊరికి చాటింపు వేసి, ఆయకట్టు రైతుల ఎదుట కొలవండి. కౌలు రైతులను కూడా పిలవండి, ఆ నీళ్లలో దిగేది వాళ్లే. ఆ రోజు వచ్చినవాళ్ల సంతకాలు ఎంబుక్కులో ఉంటేనే బిల్లు పంపండి. పంపాక ఎన్ని రోజుల్లో చెల్లిస్తారో కూడా అదే పలక మీద రాయండి. సంతకాలు కూడా కొనేస్తారంటారా? కొన్ని కొంటారు. కానీ నీళ్లు లేని కోడును అందరూ కళ్లతో చూశాక, మొత్తం ఊరి నోరు కొనడం జూన్ 19న ఒక పేజీ నింపినంత సులువు కాదు.

నా సంతకం

ఒకటి మిగిలింది. ఇన్ని సంతకాలు అడుగుతున్న నేను పెట్టని సంతకం ఒకటుంది.

2019 చట్టం ప్రకారం కౌలు రైతుకు పంట సాగుదారు హక్కు పత్రం రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. పదకొండు నెలలకే చెల్లుతుంది, భూమి మీద హక్కేమీ రాదు. మా కౌలు రైతు రెండేళ్ల క్రితం ఆ కాగితం పట్టుకొచ్చాడు. "పొలం పోతుందేమో రా" అని అమ్మ భయపడింది. "వచ్చేసారి చూద్దాం లెండి" అని పంపేశాను. చట్టం నాకు తెలుసు. అయినా పెట్టలేదు. ఆ పత్రం లేకపోతే ఈ-పంటలో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, ఆయన పేరు ఎక్కడం కష్టమని, నష్టపరిహారం వస్తే నా ఖాతాకే వస్తుందని కూడా తెలుసు. ఈసారి మునిగింది ఆయన పెట్టుబడి. కౌలు బస్తాల గురించి నేనేమీ అడగక ముందే, "కొద్దిగా టైమివ్వండి బాబూ" అన్నాడు. ఈ సార్వాకు కౌలు వద్దన్నాను. దానితో సరిపోయిందని నేను అనుకోవడం లేదు. కోడు గట్లు కోసి కొబ్బరి మొక్కలు పెట్టిందీ, చేపల కోసం అడ్డంగా వలలు కట్టిందీ, చెరువుల నీళ్లు రాత్రిపూట వదిలిందీ మనవాళ్లేనని బాబాయి అన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ సంతకమే. పైవాణ్ణి అడిగే నోరు నాకుంది. నా కిందనున్న మనిషికి జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు అది పెగల్లేదు.

మొన్న ఆదివారం మళ్లీ వెళ్లాను. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చట్టంలో ఏముందో చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. తర్వాత కౌలు రైతును పిలిచి వచ్చే పంటకు కాగితం తెమ్మన్నాను.

మధ్యాహ్నం ఆయన, బాబాయి, నేను, ఇంకో ఇద్దరం వంతెన దగ్గరికి వెళ్లాం. వెదురు గడకు అడుగడుగుకీ ఎర్ర దారం కట్టి తెచ్చాడాయన. ఈ వేసవి పని మొదలవ్వక ముందు కోడు ఎలా ఉందో మా దగ్గరొక కొలత ఉండాలనుకున్నాం. వంతెన పిట్టగోడ పైనుంచి గడ దింపితే మొదటి ఖానాలో తొమ్మిది అడుగులకు గట్టి నేల తగిలింది. మూసుకుపోయిన రెండో ఖానాలో అయిదడుగులకే బురదలో దిగబడి ఆగింది. బాబాయి నోటుపుస్తకంలో తేదీ వేసి రెండు అంకెలూ రాసి, మా అయిదుగురి చేత కింద సంతకాలు పెట్టించాడు.